సూక్ష్మజీవి అన్నది ఇంటిపేరు కాదు

ప్రశ్న: నేను డిగ్రీ మొదటి సంవత్సరంలో మైక్రోబయాలజీ తీసుకున్నాను. బ్యాక్టీరియా, శిలీంధ్రాలు, ప్రొటిస్టులు, వైరస్‌లు అంటూ నాలుగు వరుసల పట్టిక ఇచ్చి కంఠతా పట్టమన్నారు. పట్టికను తడుముకోకుండా అప్పజెప్పగలను గానీ, పరీక్షలో అదే విషయాన్ని కాస్త తిప్పి అడిగితే ఒకదాని లక్షణం మరొకదానికి అంటగట్టేస్తున్నాను. ప్రాణం లేదంటున్న వైరస్‌ను సూక్ష్మజీవుల్లో ఎందుకు కలిపారో కూడా అర్థం కావడం లేదు. మొన్న మా నాయనమ్మకు జలుబు, జ్వరం వస్తే, ఇది వైరస్ వల్ల వచ్చింది కాబట్టి యాంటీబయాటిక్ అక్కర్లేదని డాక్టరు గారు అన్నారు. "మందు రాయని డాక్టరేమిటే?" అని నాయనమ్మ అడిగితే, ఈ సబ్జెక్టే చదువుతున్న నేను జవాబు చెప్పలేకపోయాను. దీన్ని ఎటునుంచి పట్టుకోవాలి? (ఒక విద్యార్థిని)

సమాధానం:

ప్రశ్న కాస్త తిప్పి అడగగానే తడబడటం మీ తెలివితేటల లోపం కాదు. ఆ పట్టిక, నాలుగు వర్గాలనూ ఒక తల్లి పిల్లల్లా పక్కపక్కన కూర్చోబెట్టడంలోనే అసలు చిక్కు ఉంది. సూక్ష్మజీవి అన్నది ఇంటిపేరు కాదు. కంటికి ఆననంత చిన్నవి అన్న ఒక్క పోలికను పట్టుకుని, దగ్గరి చుట్టరికం లేని వాటినన్నిటినీ మనిషి ఒకే గాటన కట్టి పెట్టుకున్న పేరు. మీ పట్టికలో మొదటి మూడు వరుసల్లోనివి కణాలు, నాలుగోది అసలు కణమే కాదు. ఆ మూడింటిలోనూ బ్యాక్టీరియాకు కేంద్రకం లేదు, శిలీంధ్రాలకూ ప్రొటిస్టులకూ ఉంది. నిర్మాణాన్ని బట్టి చూస్తే బూజుకు బ్యాక్టీరియా కంటే మనిషే దగ్గరి చుట్టం. ఈ మాట కొత్తగా అనిపించినా, మందులు ఎందుకు పనిచేస్తాయో, ఎందుకు పనిచేయవో తెలిసేది ఇక్కడినుంచే. కాబట్టి లక్షణాల జాబితాను పక్కన పెట్టి, ఎదురైన ప్రతిదాన్నీ "ఇది దేనితో, ఎలా కట్టి ఉంది?" అని అడగడం అలవాటు చేసుకోండి, మిగిలినవి చాలావరకు దాని వెనకే వస్తాయి.

ముందు పరిమాణం సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే మైక్రోమీటర్లు, నానోమీటర్లు అని చదివేటప్పుడు అన్నీ ఒకేలా చిన్నవిగా తోచి మనసుకు ఎక్కవు. ఇన్‌ఫ్లుయెంజా వైరస్ అడ్డుకొలత సుమారు 100 నానోమీటర్లు. దాన్ని ఒక సెంటీమీటరు గోళీ అంత చేశామనుకోండి. అదే లెక్కన మన పేగుల్లో ఉండే ఈ.కోలై అనే బ్యాక్టీరియా జానెడు పొడవు, అంటే దాదాపు 20 సెంటీమీటర్లు, ఉంటుంది. ఈస్టు కణం అర మీటరు దాటుతుంది. ప్రొటిస్టుల్లో అందరికీ తెలిసిన పేరమీసియం 20 మీటర్ల పొడవున పరుచుకుంటుంది. మామూలు కాంతి సూక్ష్మదర్శిని విడదీసి చూపగల హద్దు 0.2 మైక్రోమీటర్లు, అంటే మన లెక్కలో రెండు సెంటీమీటర్లు. గోళీ అంతకంటే చిన్నది కనుక దానికి దొరకదు. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ పట్టణంలో బట్టల వ్యాపారం చేసిన లీవెన్‌హుక్ తాను సానపట్టుకున్న ఒంటి కటకంతో 1674లో సరస్సు నీటిలోని ప్రొటిస్టులనూ, 1683లో తన పళ్ల పాచిలోని బ్యాక్టీరియానూ చూడగలిగాడు గానీ, వైరస్ ఆకారం కంటబడడానికి 1930ల చివరి వరకు, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని వచ్చేదాకా ఆగవలసి వచ్చింది. అయితే పరిమాణం వర్గాన్ని నిర్ణయిస్తుందని మాత్రం అనుకోకండి. 2022లో ప్రకటించిన థయోమార్గరీటా మాగ్నిఫికా అనే బ్యాక్టీరియా దాదాపు ఒక సెంటీమీటరు పొడవుండి, సూక్ష్మదర్శిని అవసరమే లేకుండా సన్నని తెల్లని దారంలా కనిపిస్తుంది.

ఇక బ్యాక్టీరియా. కేంద్రకం లేదు, డీఎన్ఏ చాలావరకు ఒకే వలయంగా కణద్రవ్యంలోనే ఉంటుంది. కణాన్ని చుట్టి పెప్టిడోగ్లైకాన్ అనే పదార్థంతో అల్లిన గోడ ఉంటుంది. చక్కెర అణువుల గొలుసులను చిన్న ప్రోటీన్ ముక్కలు కొక్కేల్లా అడ్డంగా కలిపి పట్టి ఉంచుతాయి కాబట్టి అది గోడ అనడం కంటే కణమంత పెద్ద వల అనడమే సరైనది. ఈ పదార్థాన్ని మనిషి కణం గానీ శిలీంధ్రం గానీ తయారు చేయవు. 1884లో హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ అనే డెన్మార్కు వైద్యుడు కనిపెట్టిన రంగు పరీక్ష నిలిచేది ఈ గోడ మీదే: ముందు ఊదారంగు, తర్వాత అయోడిన్, ఆపైన ఆల్కహాల్‌తో కడగడం, చివరికి ఎర్రని రంగు. వల మందంగా ఉన్నవి ఊదారంగును వదలవు, వాటిని గ్రామ్ పాజిటివ్ అంటున్నాం. వల పలచగా ఉండి పైన మరో పొర కప్పుకున్నవి ఊదా పోగొట్టుకుని గులాబీ రంగుకు తిరుగుతాయి, అవి గ్రామ్ నెగటివ్. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ గమనించిన పెనిసిలిన్ చేసేది కూడా ఈ వల దగ్గరే. కొక్కేలు తగిలించే ఎంజైమును అది పట్టేస్తుంది. బ్యాక్టీరియా పెరుగుతున్న కొద్దీ వల బిగువు తప్పుతుంది, లోపలి ఒత్తిడికి కణం పగిలిపోతుంది. మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియాకు గోడే లేదు, అందుకే దాని మీద పెనిసిలిన్ పనిచేయదు. ఈ మినహాయింపును మీరు విడిగా గుర్తుపెట్టుకోనక్కర లేదు. మందు దెబ్బ కొట్టేది ఎక్కడో తెలిస్తే అది దానంతటదే తేలుతుంది.

రైబోసోముల సంగతి కూడా ఇలాంటిదే. ప్రోటీన్లు తయారు చేసే ఈ యంత్రాలు బ్యాక్టీరియాలో 70ఎస్ రకం, కేంద్రకం ఉన్న కణాల కణద్రవ్యంలో 80ఎస్ రకం. టెట్రాసైక్లిన్, ఎరిత్రోమైసిన్ వంటి మందులు మొదటి రకానికి అడ్డుపడి, మన రైబోసోములను దాదాపుగా ముట్టుకోవు. (70ఎస్ రైబోసోములోని 50ఎస్, 30ఎస్ భాగాలు కలిస్తే 80 కావాలి గదా, 70 ఎలా అయిందని ప్రతి తరగతిలోనూ ఎవరో ఒకరు అడుగుతారు. అది బరువు కాదు, గిర్రున తిప్పినప్పుడు అడుగుకు దిగే వేగపు కొలత. వేగాలను కూడితే కూడిక సరిపోదు.)

రంగును మాత్రమే నమ్ముకుంటే ఏమవుతుందో నా అనుభవం ఒకటి చెబుతాను. నేను విద్యార్థిగా ఉన్నప్పుడు ప్రాక్టికల్ పరీక్షలో నాకు వచ్చిన స్లైడు మీద గ్రామ్ పరీక్ష చేస్తే, చిక్కటి ఊదారంగులో గుండ్రటి కణాలు గుంపులు గుంపులుగా కనిపించాయి. ఊదా, గుండ్రన, గుంపులు అనగానే పుస్తకంలోని వరుస గుర్తొచ్చి స్టెఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా అని ధీమాగా రాసేశాను. పరీక్షకులు ఏమీ అనకుండా ఆ సూక్ష్మదర్శినిని నా వైపు తిప్పి, "ఒక్క కణాన్నే చూడు" అన్నారు. చూస్తే అది నిండు గుండ్రన కాదు, కోలగా ఉంది. దాని ఒక కొసన చిన్న బుడిపె ఉంది. పక్క కణానికి ఇంకాస్త పెద్ద బుడిపె, మధ్యలో సన్నని నడుముతో. పైగా ఒక్కొక్కటీ స్టెఫిలోకాకస్ కంటే నాలుగైదు రెట్లు పెద్దది. అది ఈస్టు, మొగ్గ తొడిగి పెరిగే శిలీంధ్రం. దాని గోడలో పెప్టిడోగ్లైకాన్ లేదు, అయినా గోడ మందం కావడం వల్ల ఊదారంగును పట్టి ఉంచుకుంటుంది. గ్రామ్ పాజిటివ్ అన్న మాట రంగు ఆగిందని చెబుతుందే తప్ప, చూస్తున్నది బ్యాక్టీరియా అని హామీ ఇవ్వదన్నది నాకు ఆ పోయిన మార్కులతోనే అర్థమైంది.

శిలీంధ్రం కణంలో కేంద్రకం ఉంటుంది, శక్తి పుట్టించే మైటోకాండ్రియా ఉంటాయి, 80ఎస్ రైబోసోములు ఉంటాయి, ఇంతవరకు మన కణంలాగే. తేడా ఎక్కడంటే, చుట్టూ గోడ ఉంది, అందులో కైటిన్ ఉంది. పీతల, పురుగుల పైపెంకులో ఉండే పదార్థమే ఇది. గోడ ఉండటంతో ఆహారాన్ని ముద్దగా మింగలేదు; అందుకని ఎంజైములను బయటికి వదిలి, తాను ఆనుకుని ఉన్నదాన్ని అక్కడికక్కడే కరిగించి, ఆ రసాన్ని పీల్చుకుంటుంది. బూజు దారాలుగా ఎందుకు పెరుగుతుందో ఇప్పుడు ఊహించవచ్చు: పీల్చుకుని బతికేదానికి ఎంత ఎక్కువ మేర ఆహారాన్ని తాకితే అంత లాభం. వాడుకలో మనం గజ్జి, తామర అని జంటగా అనేస్తాం గానీ, గజ్జి చర్మంలోకి తొలుచుకుపోయే ఒక బుల్లి పురుగు వల్ల వచ్చేది, తామర చర్మంలోని కెరటిన్‌ను కరిగించి తినే శిలీంధ్రం వల్ల వచ్చేది. ఒకదాని మందు రెండోదానికి పనికిరాదు. మన కణానికి ఇంత దగ్గరి పోలిక ఉండటం వల్ల శిలీంధ్రానికి మాత్రమే తగిలి మనకు తగలని మందు దొరకడం కష్టం. దొరికిన వాటిలో ముఖ్యమైనవి ఒక చిన్న తేడాను పట్టుకున్నాయి: మన కణపొరలో కొలెస్టరాల్ ఉన్న చోట శిలీంధ్రం పొరలో ఎర్గోస్టెరాల్ ఉంటుంది. ఫ్లుకొనజోల్ వంటివి ఎర్గోస్టెరాల్ తయారీని ఆపుతాయి, యాంఫోటెరిసిన్ నేరుగా దానికే అతుక్కుని పొరను పాడుచేస్తుంది.

ప్రొటిస్టుల దగ్గర మీరు తికమకపడటంలో ఆశ్చర్యం లేదు, ఎందుకంటే అది వర్గం కాదు, మిగిలిపోయినవన్నీ వేసిన బుట్ట. కేంద్రకం ఉండి, జంతువుల్లోనూ మొక్కల్లోనూ శిలీంధ్రాల్లోనూ ఇమడనివన్నీ ప్రొటిస్టులే. ఎర్నెస్ట్ హేకెల్ 1866లో ప్రొటిస్టా అన్న పేరు పెట్టినప్పుడు బ్యాక్టీరియాను కూడా అందులోనే చేర్చాడు. 1969 నాటి విట్టేకర్ ఐదు రాజ్యాల విభజనలో ప్రొటిస్టాకు విడిగా ఒక రాజ్యం దక్కినా, తర్వాత జన్యువులు చదివి చూస్తే ఆ బుట్టలోని వాటికి ఒకదానితో ఒకటికి ఉన్న దూరం, మనకూ పుట్టగొడుగుకూ ఉన్న దూరం కంటే ఎక్కువని తేలింది. అందుకే వాటి ఉమ్మడి లక్షణాలు అడిగితే కేంద్రకం ఉండటం తప్ప రాయగలిగింది పెద్దగా ఉండదు. అమీబా ఆహారాన్ని చుట్టేసి మింగుతుంది, డయాటమ్ సిలికా పెంకులో కూర్చుని సూర్యకాంతితో ఆహారం తయారు చేసుకుంటుంది, ప్లాస్మోడియం ఎర్ర రక్తకణంలో దూరి హీమోగ్లోబిన్‌ను తింటుంది. 1845లో ఐర్లండులో బంగాళాదుంప పంటను కుళ్లబెట్టి కరువు తెచ్చిన ఫైటాఫ్తోరాను చాలాకాలం శిలీంధ్రమనే అనుకున్నారు, అది దారాలుగా పెరుగుతుంది మరి. గోడను పరీక్షిస్తే అందులో సెల్యులోజు ఉంది. చుట్టరికం గోధుమరంగు శైవలాలతో, డయాటమ్‌లతో. తన పొర కోసం ఎర్గోస్టెరాల్ తయారు చేసుకోదు కాబట్టి, ఎర్గోస్టెరాల్ తయారీని ఆపే మందులు దాని మీద పారవు.

మలేరియా విషయంలో మిమ్మల్ని ఇబ్బంది పెట్టే ప్రశ్న ఒకటి నేనే అడుగుతాను. ఆల్ఫోన్స్ లావెరాన్ 1880లో రోగి రక్తంలో చూసిన మలేరియా పరాన్నజీవి ప్రొటిస్టు, బ్యాక్టీరియా కాదు. మరి మలేరియా ఉన్న చోటికి వెళ్లేవారికి ముందు జాగ్రత్తగా డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఎందుకు ఇస్తారు? పట్టిక దీనికి జవాబు చెప్పదు. ప్లాస్మోడియం లోపల ఎపికోప్లాస్ట్ అనే చిన్న భాగం ఉంది. అది ఎప్పుడో దాని పూర్వీకులు తమలో కలుపుకున్న ఒక ఎర్ర శైవలం తాలూకు హరితరేణువు (సూర్యకాంతితో ఆహారం తయారు చేసే భాగం); పత్రహరితం పోయినా, పరాన్నజీవికి తప్పనిసరైన కొన్ని పదార్థాల తయారీ ఇంకా అందులోనే జరుగుతోంది. ఆ హరితరేణువు మూలం ఇంకా వెనక్కి వెళితే ఒక బ్యాక్టీరియా కాబట్టి, అందులోని రైబోసోములు నేటికీ బ్యాక్టీరియా రకానివే. డాక్సీసైక్లిన్ తగిలేది వాటికి. మన మైటోకాండ్రియా కూడా ఒకప్పుడు విడిగా బతికిన బ్యాక్టీరియా నుంచే వచ్చాయన్న వాదాన్ని లిన్ మార్గులిస్ 1967లో గట్టిగా ముందుకు తెచ్చారు. ఇప్పుడు పాఠ్యపుస్తకాలు దాన్ని వాదంగా కాక విషయంగానే చెబుతున్నాయి. నాకు ఈ శాస్త్రంలో అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే, అందుకే కాస్త ఎక్కువసేపు ఆగాను.

వైరస్‌కు "ఇది దేనితో, ఎలా కట్టి ఉంది?" అన్న మన ప్రశ్న వేస్తే జవాబు చాలా పొట్టిగా వస్తుంది: డీఎన్ఏ గానీ ఆర్ఎన్ఏ గానీ కొంత, దాని చుట్టూ ప్రోటీన్ తొడుగు, కొన్నిటికి ఆపైన తాము పుట్టిన కణం నుంచి కప్పుకొచ్చిన కొవ్వు పొర. గోడ లేదు, రైబోసోము లేదు, శక్తి పుట్టించుకునే ఏర్పాటు లేదు. 1892లో ద్మిత్రీ ఇవనోవ్‌స్కీ తెగులు సోకిన పొగాకు ఆకుల రసాన్ని బ్యాక్టీరియాను ఆపే పింగాణీ వడపోత గుండా పంపితే, వడకట్టిన రసమూ తెగులు అంటించింది. 1898లో బైయరింక్ అనే డచ్ శాస్త్రవేత్త ఇది బ్యాక్టీరియా కాని మరేదో అని తేల్చి చెప్పాడు. 1935లో వెండెల్ స్టాన్లీ అదే వైరస్‌ను ఉప్పులాగా స్ఫటికాలుగా పేర్చి చూపాడు. స్ఫటికమై సీసాలో కూర్చున్నది ఆకు మీద రుద్దగానే మళ్లీ వేలకు వేలుగా పెరుగుతుంది. అది ప్రాణమా కాదా అన్న మీ సందేహానికి నా మటుకు నేను చెప్పేది ఇది: సీసాలో ఉన్నప్పుడు కాదు, కణంలో దూరినప్పుడు అది బతుకుతున్నది ఆ కణం బతుకే. దాన్ని సూక్ష్మజీవుల్లో కలిపింది బంధుత్వాన్ని బట్టి కాదు, దాన్ని పట్టుకోవడానికి వాడే పనిముట్లు, అది తెచ్చే రోగాలు ఈ శాస్త్రం చేతిలోనే ఉండటాన్ని బట్టి.

ఈ గీత ఎంత జారుడుగా ఉంటుందో మిమివైరస్ కథ చూడండి. 1992లో ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్‌లో ఒక శీతలీకరణ గోపురం నీటిలోని అమీబాల్లో దొరికిన దాన్ని, కాంతి సూక్ష్మదర్శినిలో కనిపిస్తోందనీ, గ్రామ్ రంగు పట్టిందనీ బ్యాక్టీరియాగా లెక్కగట్టి పక్కన పెట్టారు. బ్యాక్టీరియాకు తప్పక ఉండవలసిన రైబోసోము జన్యువు ఎంత వెతికినా దొరక్కపోవడంతో మళ్లీ తవ్వి చూస్తే, అది వైరస్ అని 2003లో బయటపడింది. నా ఈస్టు స్లైడు పొరపాటునే పెద్దవాళ్లూ చేశారని తెలిసినప్పుడు నాకు కొంత ఊరట కలిగిన మాట నిజం.

పరీక్షల్లో తిప్పి అడిగేవి ఎక్కువగా పేర్లు పెట్టే మెలికలే. నీలి ఆకుపచ్చ శైవలాలు అని పేరున్నా వాటికి కేంద్రకం లేదు, పెప్టిడోగ్లైకాన్ గోడ ఉంది, అవి బ్యాక్టీరియా. సిద్ధబీజం (స్పోర్) అన్న మాట బూజు దగ్గరా బ్యాక్టీరియా దగ్గరా వస్తుంది గానీ, బూజు వేలకొద్దీ వదిలేవి సంతానం కోసం. కొన్ని బ్యాక్టీరియాలు తమ లోపల కట్టుకునే అంతర సిద్ధబీజం ఒక కణానికి ఒకటే, అది గడ్డుకాలం దాటడానికి. మరిగే నీటికి చావని ఆ సిద్ధబీజాల కోసమే ఆవిరితో సూక్ష్మజీవులను చంపే ఆటోక్లేవును ఒత్తిడి పెంచి 121 డిగ్రీల సెల్సియస్ దగ్గర 15 నిమిషాలు నడుపుతాం. సూక్ష్మజీవులను పెంచే అగార్ పళ్లెంలో బ్యాక్టీరియా, ఈస్టు, బూజు పెరిగి వైరస్ ఎందుకు పెరగదని అడిగితే, పళ్లెంలో తిండి ఉంది గానీ దూరడానికి బతికున్న కణం లేదని రాయండి. అదే పళ్లెం నిండా బ్యాక్టీరియాను తివాచీలా పెంచి దాన్ని తినే వైరస్‌ను వదిలితే, అది కణాలను పగలగొట్టిన చోటల్లా గాజులా తేటపడిన చుక్కలు కనిపిస్తాయి. ప్రతి జీవికీ పేరు రాయకుండా ఒక బొమ్మ గీసి, గోడను, పొరను, కేంద్రకాన్ని, రైబోసోములను గుర్తించి, ఏ మందు ఎక్కడ తగులుతుందో బాణం వేయండి. వైరస్ బొమ్మ దగ్గరికి వచ్చేసరికి పెనిసిలిన్ బాణం గుచ్చడానికి చోటుండదు, టెట్రాసైక్లిన్‌కూ ఉండదు.

మీ నాయనమ్మ గారికి చెప్పవలసింది ఆ బొమ్మలోనే ఉంది. "నాయనమ్మా, ఆ మాత్రలు బ్యాక్టీరియా గోడనో, దాని సొంత యంత్రాన్నో చెడగొట్టేవి. నీకు జ్వరం తెచ్చినదానికి గోడా లేదు, యంత్రమూ లేదు, నీ కణాల్లో దూరి నీ యంత్రంతోనే పని చేయించుకుంటోంది. ఆ మాత్ర వేసుకుంటే దానికేమీ కాదు, నీ పేగుల్లో మేలు చేసే బ్యాక్టీరియా మాత్రం పోతుంది, చావకుండా మిగిలినవి ఆ మందుకు లొంగనివిగా పెరుగుతాయి" అని చెప్పండి. వైరస్‌లకు మందులే లేవని మాత్రం అనకండి. సర్పి (హెర్పిస్) వైరస్ తన డీఎన్ఏ నకలు తీసే ఎంజైమును ఎసైక్లోవిర్, ఇన్‌ఫ్లుయెంజా వైరస్ కణాన్ని విడిచి బయటపడటానికి వాడే ఎంజైమును ఒసెల్టామివిర్ ఆపుతాయి, కాకపోతే ఇవి ఒక్కో వైరస్‌కు ఒక్కో రకంగా అమరినవి, మామూలు జలుబుకు పనికిరావు. జ్వరం తగ్గినట్లే తగ్గి మళ్లీ పెరిగినా, ఆయాసం వచ్చినా, వైరస్ దెబ్బతీసిన ఊపిరితిత్తుల్లో బ్యాక్టీరియా చేరి ఉండవచ్చు. అప్పుడు ఆలస్యం చేయకుండా మళ్లీ ఆ డాక్టరు గారికే చూపించండి, అవసరమైతే అప్పుడు ఆయనే యాంటీబయాటిక్ రాస్తారు.